మెమరీగానా, మెమరీలానా?

సందేహం: గాజువాకలో పాత కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. కస్టమర్లకిచ్చే కాగితంలో ‘ర్యామ్ చాలకపోతే విండోస్ హార్డ్ డిస్క్‌లో కొంత చోటును మెమరీగా వాడుకుంటుంది’ అని రాశాను. మా అబ్బాయి ‘మెమరీలా’ అని దిద్దాడు. ఏది రైటు? ‘పేజ్‌ఫైల్‌ను ఇంకో డ్రైవ్‌లోకి మారిస్తే స్పీడు పెరుగుతుంది’ అని కూడా రాశాను (పేజ్‌ఫైల్ అంటే విండోస్ ఆ చోటుగా వాడుకునే ఫైలు), అది సరేనా?

సమాధానం: వ్యాకరణానికి రెండూ సమ్మతమేనండీ, అర్థమే వేరు. ‘గా’ అంటే ఆ పని దానికి అప్పజెప్పినట్టు, ‘లా’ అంటే ఉత్త పోలిక. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. ‘మ్యూజియంలా ఉంది’ అంటే మరి టికెట్టు ఎందుకు కొన్నామంటారు! అదే బీచ్ నుంచి చూస్తే హార్బరు దగ్గరి కొండ డాల్ఫిన్ ముక్కులా కనిపిస్తుంది, ముక్కుగా ఉందని ఎవరూ అనరు.

ఇక మీ వాక్యం. డిస్క్ మీదున్న దాన్ని ప్రాసెసర్ నేరుగా ముట్టుకోలేదు. ప్రోగ్రాముకు కావలసిన పేజీ (పేజీ అంటే మెమరీని విడగొట్టిన ఒక ముక్క, 1985లో వచ్చిన ఇంటెల్ 80386 ప్రాసెసర్ నుంచీ ఈ పీసీల్లో అది మామూలుగా 4 కేబీ) డిస్క్‌లో ఉండిపోతే, విండోస్ దాన్ని ర్యామ్‌లోకి తెచ్చాకే పని ముందుకు సాగుతుంది, అక్కడ చోటు లేకపోతే ముందు ఇంకో పేజీని బయటికి పంపాలి, పాత డిస్క్ ఆగకుండా కిరకిరలాడేది చాలాసార్లు ఈ రాకపోకలకే. అంటే డిస్క్ చేసేది మెమరీకి గోడౌన్ పని. అందుకని ‘మెమరీగా’ అని ఊరుకుంటే, ‘40 జీబీ ఖాళీ ఉందిగా, ఇంక ర్యామ్ ఎందుకు కొనాలి?’ అని కస్టమర్ అడగడం న్యాయమే. ర్యామ్ లెక్క నానోసెకన్లలో, డిస్క్ లెక్క మిల్లీసెకన్లలో, తేడా సుమారు లక్ష రెట్లు.

మీ అబ్బాయి ‘లా’ పనికిరానిదేం కాదు, కాకపోతే దాన్ని ప్రోగ్రాము వైపు నుంచి చెప్పాలి. ఏ పేజీ ఎక్కడుందో ప్రోగ్రాముకు పట్టదు, దానికి అంతా ఒకే మెమరీలా కనిపిస్తుంది. ‘విండోస్ మెమరీలా వాడుకుంటుంది’ అంటే మాత్రం వాక్యం చప్పబడిపోతుంది. నేనైతే ఇలా రాస్తాను: ‘ర్యామ్ చాలకపోతే విండోస్ అందులోని కొంత సరుకును హార్డ్ డిస్క్‌లోకి సర్ది, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది, అందుకే సిస్టమ్ నెమ్మదిస్తుంది.’ గా, లా రెండిటి గొడవా లేదు.

రెండో వాక్యంలో అసలు చిక్కు ‘డ్రైవ్’ అన్న మాట. మనవాళ్లకు డ్రైవ్ అంటే సీ, డీ, ఈ. చాలా పాత పీసీల్లో అవన్నీ ఒకే డిస్క్‌కు చేసిన భాగాలు, పేజ్‌ఫైల్‌ను సీ లోంచి డీ లోకి మారిస్తే లాభం లేకపోగా డిస్క్‌ను చదివే హెడ్ ఇంకాస్త దూరం అటూ ఇటూ పరిగెత్తాల్సి రావచ్చు. విడిగా రెండో హార్డ్ డిస్క్ బిగించి, అదీ నెమ్మదిది కాకుండా ఉంటేనే మీరన్న స్పీడు. కాబట్టి అక్కడ ‘ఇంకో డ్రైవ్’ కొట్టేసి ‘ఇంకో హార్డ్ డిస్క్’ అని రాయండి.