టెక్ సందేహాలు: ఒకే ప్రొటీన్, రెండు సాఫ్ట్‌వేర్లు, రెండు లెక్కలు

ప్రశ్న: ఒక ప్రొటీన్‌లో ఏ అమైనో ఆమ్లం దేనికి ఆనుకుని ఉందో కనిపెట్టమని ప్రాజెక్టు ఇచ్చారు. ఒకే పీడీబీ ఫైల్‌ని (ప్రొటీన్ త్రీడీ నిర్మాణం ఉండే ఫైల్) ఛైమెరాఎక్స్ అనే ప్రోగ్రామ్‌లో చూస్తే ఒక లెక్క వస్తోంది, పైథాన్‌లో ఎండీట్రాజ్‌తో చూస్తే ఇంకో లెక్క. ఏది కరెక్ట్? గైడ్ అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (బయోఇన్ఫర్మాటిక్స్ విద్యార్థిని)

జవాబు: రెండూ కరెక్టే అయ్యుండొచ్చు. పీడీబీ ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో ఒకసారి తెరిచి చూడండి. డైసల్ఫైడ్ బంధాల్లాంటి కొన్నింటిని పక్కన పెడితే, అందులో ప్రధానంగా ఉండేవి ఒక్కో పరమాణువు ఎక్కడుందో చెప్పే అంకెలే. ఫలానా రెసిడ్యూ (గొలుసులోని ఒక్కో అమైనో ఆమ్లం) ఫలానా రెసిడ్యూకి తగిలిందని ఎక్కడా రాసి ఉండదు. ఎంత దగ్గరైతే కాంటాక్ట్ అనాలో మనమే చెప్పాలి. మనం చెప్పకపోతే ప్రోగ్రామ్ రాసినవాళ్లు పెట్టిన డిఫాల్ట్ పనిచేస్తుంది. మీ విషయంలో జరిగింది అదే.

ఛైమెరాఎక్స్‌లోని కాంటాక్ట్స్ కమాండ్ పరమాణువుల సైజు కూడా లెక్కలోకి తీసుకుంటుంది. రెండు పరమాణువుల వాండర్‌వాల్స్ వ్యాసార్థాలు (అంటే వాటి సైజులు) కలిపి, వాటి మధ్య దూరంతో పోలుస్తుంది. మామూలు సెట్టింగ్‌లో మధ్యన 0.4 ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటర్‌లో పదో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) వరకు ఖాళీ ఉన్నా కాంటాక్టే అంటుంది. ఎండీట్రాజ్ పద్ధతి వేరు. రెండు రెసిడ్యూల్లో హైడ్రోజన్ కాని పరమాణువుల్లో అన్నిటికంటే దగ్గరి జంటని పట్టుకుని ఆ దూరం మాత్రమే చెబుతుంది, కటాఫ్ (ఎంత దూరం వరకు కాంటాక్టో చెప్పే హద్దు) మీరే పెట్టుకోవాలి. పైగా వరుసలో పక్కనే ఉన్నవాటిని, ఒకటి వదిలి ఉన్నవాటిని అడక్కుండానే తీసేస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఎండీట్రాజ్ దూరాలు నానోమీటర్లలో ఉంటాయి. 4.5 ఆంగ్‌స్ట్రామ్ అనుకుని 4.5 అని రాస్తే 45 ఆంగ్‌స్ట్రామ్‌లు పెట్టినట్టే, చిన్న ప్రొటీన్‌లో దాదాపు ప్రతి జంటా కాంటాక్ట్ అయిపోతుంది. మీ స్క్రిప్టులో ముందు ఇదే చూడండి. ఎండీఅనాలిసిస్, బయోపైథాన్ అనే పైథాన్ లైబ్రరీలు మాత్రం ఆంగ్‌స్ట్రామ్‌లలోనే మాట్లాడతాయి.

మరి ఏ కటాఫ్ పెట్టాలి? మీ ప్రశ్న ఏమిటన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రొటీన్ మొత్తం ఎలా మడత పడిందో చూడాలంటే సీ-బీటా (అమైనో ఆమ్లం పక్క గొలుసులో మొదటి కార్బన్) పరమాణువుల మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌లు అందరూ వాడే కొలత. గ్లైసీన్‌కి సీ-బీటా లేదు కాబట్టి దానికి సీ-ఆల్ఫా (ప్రధాన గొలుసులోని కార్బన్) తీసుకుంటారు. నిర్మాణాల్ని అంచనా వేసే కాస్ప్ పోటీలో కాంటాక్టులకు ఇదే లెక్క. అక్కడ ఇంకో మంచి అలవాటు ఉంది. వరుసలో 24 స్థానాలు, అంతకన్నా ఎక్కువ ఎడం ఉన్న జంటల్ని విడిగా 'లాంగ్ రేంజ్' అంటారు. కారణం తేలికే. పక్కపక్కన ఉన్న రెసిడ్యూల సీ-ఆల్ఫాలు ఎలాగూ సుమారు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటాయి, హెలిక్స్‌లో (గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న చోట) ఒకటో రెసిడ్యూ, ఐదో రెసిడ్యూ ఎలాగూ దగ్గరపడతాయి. వాటిని లెక్కపెట్టి సంఖ్య పెంచుకుంటే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. గొలుసులో ఎక్కడో దూరాన ఉన్న రెండు ముక్కలు వచ్చి ఆనుకున్నాయంటే అసలు సమాచారం అక్కడుంది.

ఏ రెసిడ్యూ దేన్ని పట్టుకుని ఉందన్నది మీ ప్రశ్న అయితే సీ-బీటా పద్ధతి మోసం చేస్తుంది. ఆర్జినీన్, గ్లుటమేట్ పక్క గొలుసులు పొడవైనవి. వాటి సీ-బీటాలు 8 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటి ఉన్నా కొసలు కలిసి సాల్ట్ బ్రిడ్జ్ (ఎదురెదురు ఆవేశాల మధ్య బంధం) కట్టేయగలవు. అలాగే సీ-బీటాలు 7 ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉన్నా, పక్క గొలుసులు చెరో వైపు తిరిగి ఉండొచ్చు. కాబట్టి ఇక్కడ హైడ్రోజన్ కాని పరమాణువుల మధ్య 4.5 లేదా 5 ఆంగ్‌స్ట్రామ్‌ల కటాఫ్ పెట్టండి. రకాలు కూడా కావాలంటే సాల్ట్ బ్రిడ్జ్‌కి ఎదురెదురు ఆవేశాలున్న నైట్రోజన్, ఆక్సిజన్ మధ్య 4 ఆంగ్‌స్ట్రామ్‌లు, హైడ్రోజన్ బంధానికి దాత (హైడ్రోజన్ ఇచ్చేది), గ్రహీతల (పుచ్చుకునేది) మధ్య 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, దాంతోపాటు కోణం కూడా చూస్తారు. ఇవి చేతితో రాయక్కర్లేదు, రింగ్, ఆర్పెజియో లాంటి ప్రోగ్రాములు చేసిపెడతాయి.

గైడ్‌కి ఇలా రాసివ్వండి: ఏ పరమాణువుల మధ్య, ఎంత దూరం, వరుసలో కనీసం ఎంత ఎడం, నీళ్లు, లైగాండ్‌లు (ప్రొటీన్‌కి అతుక్కునే చిన్న అణువులు) కలిపారా తీసేశారా. ఇవి రాయకుండా "412 కాంటాక్టులు వచ్చాయి" అంటే ఆ సంఖ్యకి అర్థం లేదు. ఈ నాలుగూ లేని పేపర్లు కూడా అచ్చవుతుంటాయి, అది వేరే బాధ.

ప్రశ్న: హీమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా గొలుసుల మధ్య కాంటాక్టులు వెతుకుతున్నా. 1హెచ్‌హెచ్‌ఓ అనే పీడీబీ ఫైల్‌లో రెండే గొలుసులు ఉన్నాయి. నాలుగుండాలి కదా? ఫైల్ పాడైందా?

జవాబు: పాడవలేదు. స్ఫటికంలో తిరిగి తిరిగి వచ్చే అమరికలో కనీస భాగాన్నే ఫైల్‌లో పెడతారు. ఆక్సీ హీమోగ్లోబిన్ స్ఫటికంలో అది సగం అణువే. మిగతా సగం కావాలంటే డౌన్‌లోడ్ చేసేటప్పుడు 'బయలాజికల్ అసెంబ్లీ' ఎంచుకోండి. లేదంటే మీకు ఒక ఆల్ఫా, ఒక బీటా మధ్య కాంటాక్టులే దొరుకుతాయి. ఆక్సిజన్ పట్టినప్పుడు, వదిలినప్పుడు ఎక్కువగా కదిలే రెండో రకం ఆల్ఫా-బీటా అతుకు అసలు కనిపించదు.

దీనికి ఎదురు సమస్యా ఉంది. స్ఫటికంలో పక్కపక్కన ఇరుక్కున్నందువల్ల మాత్రమే తగిలే అణువులుంటాయి. శరీరంలో అవి అలా కలవవు. వాటిని వదిలేయమని మామూలుగా చెబుతారు. సికిల్ సెల్ హీమోగ్లోబిన్ దగ్గర మాత్రం ఆ సలహా బోల్తా పడుతుంది. బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటమేట్ పోయి వాలీన్ రావడం వల్ల, అది పక్క అణువులోని 85వ ఫినైల్అలనీన్, 88వ ల్యూసీన్ దగ్గరి గుంటలో కూర్చుంటుంది. రెండు అణువుల మధ్య ఉన్న ఈ కాంటాక్టే జబ్బుకి మూలం. 2హెచ్‌బీఎస్ ఫైల్‌లో రెండు నిండు అణువులున్నాయి, అందులో వెతికి చూడండి. అన్నట్టు, ఈ మార్పునే జన్యుశాస్త్రం వాళ్లు 7వ స్థానం అంటారు, మొదటి మిథయోనీన్‌ని కూడా లెక్కపెడతారు గనక. నంబర్లు కలవకపోతే స్క్రిప్టుని తిట్టకండి.

ప్రశ్న: ప్రతి పరమాణువునీ ప్రతి పరమాణువుతో పోల్చే లూప్ రాశాను. లాప్‌టాప్ ఆగిపోతోంది.

జవాబు: 300 రెసిడ్యూల ప్రొటీన్‌లో రెసిడ్యూల జంటలు 44,850. ఒక్కో రెసిడ్యూకి సుమారు 8 పరమాణువులనుకుంటే పరమాణువుల జంటలు 28 లక్షలు దాటతాయి. ఎదురింటివాళ్లు ఎవరో తెలుసుకోవడానికి ఊళ్లో అన్ని తలుపులూ తట్టినట్టుంది మీ లూప్. బయోపైథాన్‌లోని నైబర్‌సెర్చ్‌కి గానీ, సైపైలోని సీకేడీట్రీకి గానీ పరమాణువుల స్థానాలిచ్చి కటాఫ్ చెప్పండి. ముందే స్థలాన్ని గదులుగా విడదీసుకుని చుట్టుపక్కల మాత్రమే చూస్తాయి. ఇచ్చేముందు నీటి అణువుల్ని తీసేయడం మరిచిపోవద్దు.

ప్రశ్న: ఆల్ఫాఫోల్డ్ (ఏఐతో ప్రొటీన్ నిర్మాణాన్ని అంచనా వేసే ప్రోగ్రామ్) మోడల్‌లో కాంటాక్టులు చూస్తే నమ్మొచ్చా?

జవాబు: చోటుని బట్టి. ఆ ఫైల్‌లో బీ-ఫ్యాక్టర్ కాలమ్‌లో పీఎల్‌డీడీటీ అనే నమ్మకం స్కోరు ఉంటుంది. ప్రయోగంలో వచ్చిన ఫైల్‌లో బీ-ఫ్యాక్టర్ ఎక్కువంటే ఆ భాగం కదులుతోందనో, సరిగ్గా కనబడలేదనో అర్థం. ఇక్కడ పూర్తిగా తిరగబడి, ఎక్కువుంటేనే మంచిది. 70 పైన ఉన్నవాటి కాంటాక్టులు చూడండి, 50 కంటే తక్కువున్నవి దాదాపు రిబ్బన్‌లా గాల్లో వేలాడుతూ ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా తగులుతుంటాయి, వాటిని తీసేయండి. స్కోరు బాగున్న రెండు డొమైన్ల (విడివిడిగా మడతపడే భాగాల) మధ్య కాంటాక్ట్ అయితే ఇది కూడా చాలదు, పీఏఈ పటం (రెండు చోట్లు ఒకదానికొకటి ఉన్న తీరులో ఎంత పొరపాటు ఉండొచ్చో చెప్పేది) చూడాలి. ఒక్కో డొమైన్ విడిగా కరెక్టుగా ఉన్నా, ఒకదానికొకటి ఎలా నిలబడ్డాయన్నది తప్పు కావచ్చు. లైగాండ్‌లు, నీళ్లు ఆ డేటాబేస్ మోడళ్లలో ఉండవని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా చూసే దారి ఉందా?

జవాబు: ఉంది. పీడీబీ సైట్‌లో మోల్‌స్టార్ అనే వ్యూయర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఏదైనా రెసిడ్యూ మీద క్లిక్ చేస్తే చుట్టూ ఉన్నవి కనిపించి, హైడ్రోజన్ బంధాల్లాంటివి చుక్కల గీతలుగా వస్తాయి. ఫోన్‌లో కూడా పనిచేస్తుంది, వేలితో క్లిక్ చేయడం కాస్త విసుగే. మొదటిసారి 1యూబీక్యూతో మొదలుపెట్టండి. యుబిక్విటిన్, 76 రెసిడ్యూలే.