ఫోన్ నంబర్‌లో 3 కాస్తా 8 అయిపోతోంది!

ప్రశ్న: సార్, మాది చిన్న స్టిక్కర్ల షాపు. అయిదడుగుల ఎకో సాల్వెంట్ ప్రింటింగ్ మిషన్ ఉంది. పెద్ద అక్షరాలు బాగానే వస్తున్నాయి కానీ వినైల్ మీద కింద వేసే అడ్రస్, ఫోన్ నంబర్ దగ్గరికొచ్చేసరికి పక్కన నీడ పడినట్టు మసకగా ఉంటోంది. మొన్న ఊరగాయ సీసాల లేబుళ్లు రెండొందలు వేసిస్తే నంబర్‌లో 3 కాస్తా 8లా ఉందని పార్టీ మొత్తం వెనక్కిచ్చేశాడు. హెడ్ (ఇంకు చిమ్మే భాగం) క్లీనింగ్ నాలుగైదు సార్లు కొట్టాను. ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసే నాజిల్ చెక్‌లో ఒక్క గీత కూడా పోలేదు. పోయిన నెల పండక్కి మందం ఫ్లెక్సులు వేసేదాకా ఈ గొడవే లేదు. మెకానిక్ హెడ్ మార్చాలంటున్నాడు. మార్చాలా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: అప్పుడే వద్దు. నాజిల్ చెక్ నిండుగా ఉందని మీరే రాశారు కదా, అంటే చుక్కలన్నీ పడుతున్నాయి, పడాల్సిన చోట పడట్లేదు, అంతే. క్లీనింగ్ కొట్టడం కూడా ఆపండి, ఇంకు వేస్ట్ ట్యాంకులోకి పోవడం తప్ప లాభం లేదు.

మీ ఉత్తరంలో నాకు అనుమానం తగిలింది ఫ్లెక్సుల దగ్గరే. ముడత తగలకుండా హెడ్ ఎత్తు పెంచి ఉంటారు, వినైల్ ఎక్కించాక దించడం మర్చిపోయుంటారు. నేనూ ఒకసారి ఇలాగే రెండ్రోజులు కేబుళ్లు పీకి పెట్టుకుంటూ కూర్చున్నాను లెండి. కదిలే బస్సులోంచి పేపర్ కట్ట పడేస్తే అది వదిలిన చోట పడదు, బస్సు పోయే వైపు కాస్త ముందుకెళ్లి పడుతుంది. ఇంకు చుక్కదీ అదే కథ. హెడ్ ఎంత ఎత్తులో ఉంటే అంత ముందుకు పోతుంది, పైగా బైడైరెక్షన్‌లో, అంటే హెడ్ పోతూ వస్తూ రెండుసార్లూ ప్రింట్ వేసే పద్ధతిలో, వెళ్లేటప్పుడు ఒక పక్కకీ వచ్చేటప్పుడు ఇంకో పక్కకీ. మీకు కనిపించే నీడ అదే.

కాబట్టి ముందు ఎత్తు దించండి, తర్వాత అదే వినైల్ మీద, రోజూ వేసే స్పీడులోనే, పోయేటప్పటి చుక్కా వచ్చేటప్పటి చుక్కా ఒకేచోట పడేలా అలైన్‌మెంట్ చేయండి. అది కుదరనంత అర్జెంటైతే యూనిడైరెక్షన్ (ఒక వైపు వెళ్లేటప్పుడే ప్రింట్) పెట్టి వేయండి, టైమ్ దాదాపు రెట్టింపవుతుంది. యూనిలో శుభ్రంగా వచ్చి బైలో మసకేస్తే తప్పు అలైన్‌మెంట్‌దేనని తేలిపోయినట్టు. ఒక సన్నటి నిలువు గీత, ఒక అడ్డ గీత కొట్టి భూతద్దంలో చూడండి: నిలువుది రెండుగా చీలితే అలైన్‌మెంట్, అడ్డది లావెక్కితే మీడియా ఫీడ్, అంటే షీటు ముందుకు జరిగే కొలత. షీటు ఒక చివర బాగుండి ఇంకో చివర చెడుతుంటే హెడ్ ఎక్కడుందో మిషన్‌కి చెప్పే సన్న గీతల పట్టీ, అదే ఎన్‌కోడర్ స్ట్రిప్, మీద మరకేమో చూసి మెత్తటి గుడ్డతో తుడవండి, సాల్వెంట్ మాత్రం తగలనివ్వకండి, దాని మీది గీతలు చెరిగిపోతే కొత్త స్ట్రిప్పే గతి.

యూనిలోనూ మసకేనా? అయితే ఫైల్ తెరవండి. అను అనే తెలుగు ఫాంట్ మీ సిస్టమ్‌లో లేకపోతే అక్షరాలు గజిబిజి అవుతాయని డిజైనర్లు జేపీజీ చేసి పంపేస్తారు, అదీ ఒక్కోసారి 72 డీపీఐలో, అంటే అంగుళానికి 72 పిక్సెళ్లే. పాయింటంటే అంగుళంలో 72వ వంతు కాబట్టి 72లో ఒక పాయింటుకి ఒక్కటే పిక్సెల్, అంటే 8 పాయింట్ల అక్షరానికి నిలువునా ఎనిమిదే పిక్సెళ్లు. 'లక్ష్మీ'లో ఒత్తులూ గుడిదీర్ఘమూ అన్నీ ఆ ఎనిమిదింటిలో ఎక్కడ ఇరుకుతాయి చెప్పండి! అక్షరాలు కర్వ్స్ (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలు) చేసి పీడీఎఫ్ పంపమనండి.

నలుపు సంగతి కూడా. ఫోటోషాప్‌లో ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) నలుపు పెట్టి సీఎంవైకేకి (ప్రింటు ఇంకులకి) మారిస్తే మామూలుగా నాలుగు ఇంకులూ కలిసి పడతాయి, ఏ ఒక్కటి కాస్త పక్కకి జరిగినా అక్షరం అంచున రంగు అంటుకుంటుంది. చిన్న అక్షరాలకి బ్లాక్ 100, మిగతా మూడూ సున్నా పెట్టి, రిప్ (ఫైల్‌ని మిషన్‌కి పంపే సాఫ్ట్‌వేర్) దాన్ని మార్చకుండా చూసుకోండి. పాస్‌లు (ఒకే చోట హెడ్ ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క) పెంచండి, లేబుళ్లకి తొందర పనికిరాదు.

ఇవన్నీ అయ్యాక కూడా 3 అలాగే 8లా ఉంటే అప్పుడు హెడ్ గురించి మాట్లాడుకుందాం, ఆ భూతద్దంలో కనిపించింది ఫోన్‌తో ఫోటో తీసి పంపండి.