పీసీఆర్ రాలేదని అమ్మాయిని వెనక్కి పిలిపించకండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది. వేసవిలో హైదరాబాద్‌లో ఒక మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి చేరింది. మూడు వారాలుగా ఒకటే పీసీఆర్ చేస్తోంది, ఒక్కసారీ రాలేదు. ఎవరూ పట్టించుకోవట్లేదని ఫోన్‌లో ఏడుస్తోంది. ఇక్కడ ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు 12,000 కడితే 15 రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. తీసుకొచ్చి అందులో చేర్చమంటారా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: వద్దు సార్, అక్కడే ఉండనివ్వండి. పీసీఆర్ అంటే కొంచెం డీఎన్‌ఏలో కావాల్సిన ముక్కని మెషీన్‌లో లక్షల కాపీలు చేయడం. అది మూడు వారాలు రాకపోవడం ల్యాబుల్లో వింతేమీ కాదు, పీహెచ్‌డీ వాళ్లకూ జరిగేదే. కాలేజీ ప్రాక్టికల్స్‌లో అన్నీ ముందే సరిచూసి పెడతారు కాబట్టి బ్యాండ్ (కాపీలు తయారయ్యాయని చూపే గీత) వచ్చేస్తుంది. పిల్లలు అదే అలవాటుతో వెళ్తారు.

ఆమె చేస్తున్న పని ఎంత సున్నితమో చూడండి. ట్యూబులో 2 మైక్రోలీటర్ల డీఎన్‌ఏ వేయాలి, అంటే నీటి చుక్కలో పాతికో వంతు. పిపెట్‌ని బొటనవేలితో నొక్కితే ఒకచోట ఆగుతుంది, ఇంకాస్త నొక్కితే రెండోచోట ఆగుతుంది. పీల్చేటప్పుడు మొదటిదాని దగ్గరే ఆగాలి. రెండోదాకా వెళ్తే ఎక్కువ వచ్చి కొలత తప్పుతుంది. తర్వాత మెషీన్‌లో 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ పోగులు విడిపోతాయి, 55 అటూఇటూగా ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) అతుక్కుంటాయి, 72 దగ్గర కొత్త పోగు తయారవుతుంది. ఇలా 30, 35 సార్లు. ఆ 55 అనేది ప్రైమర్‌ని బట్టి మారుతుంది.

పీసీఆర్ అయ్యాక డీఎన్‌ఏని జెల్ అనే జెల్లీ పలక గుంటల్లో వేసి, కరెంటుతో నడిపించి చూస్తారు. నేను ఎమ్మెస్సీలో ఆ జెల్‌కి వైర్లు అటుదిటు పెట్టాను. డీఎన్‌ఏది రుణావేశం కదా, ఎర్ర (ప్లస్) వైరు వైపు పోవాలి. నాది వెనక్కి నడిచి, గుంటల్లోంచి చుట్టూ ఉన్న ద్రావణంలో (బఫర్‌లో) కలిసిపోయింది. వారం రోజుల శాంపిల్! మా సీనియర్ తిట్టలేదు, నోట్‌బుక్‌లో రాయమన్నాడు. ఇప్పటికీ జెల్ కనిపిస్తే నా కళ్లు ముందు వైర్ల మీదికే పోతాయి.

ఇక పట్టించుకోవట్లేదన్న సంగతి. ప్రొఫెసర్ రోజూ దొరకరు, పట్టుకోవాల్సింది పక్క బెంచీ మీద పనిచేసే రీసెర్చ్ స్కాలర్‌ని. "అక్కా, మళ్లీ రాలేదు" అంటే ఆమె మాత్రం ఏం చెబుతుంది? "పాజిటివ్ కంట్రోల్ వచ్చింది, నా శాంపిలే రాలేదు, ఇదిగో వేసిన లెక్క" అని నోట్‌బుక్ ముందు పెడితే కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. పాజిటివ్ కంట్రోల్ అంటే తప్పకుండా వస్తుందని ముందే తెలిసిన డీఎన్‌ఏ వేసిన ట్యూబు. అది కూడా రాకపోతే తేడా ట్యూబుల్లో కలిపే మిక్స్‌లోనో మెషీన్‌లోనో ఉన్నట్టు. అది వచ్చి ఈమెది రాకపోతే ముందు డీఎన్‌ఏనే అనుమానించాలి. డీఎన్‌ఏ బదులు నీళ్లు వేసిన ట్యూబులోనూ బ్యాండ్ వస్తే ఏదో కలిసిపోయింది. అసలు ఈ కంట్రోల్స్ పెడుతోందా? రాత్రి ఫోన్ చేసినప్పుడు ముందు అదే అడగండి.

15 రోజుల సర్టిఫికెట్ ఫైల్లో అందంగా ఉంటుంది, అంతే. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "55 ఎందుకు పెట్టావమ్మా, రాకపోతే ఏం మార్చావు?" అని అడిగితే ఆ కాగితం జవాబు చెప్పదు. ఆ 12,000 హాస్టల్‌కి కట్టండి.

ఎమ్మెస్సీ మొదటి ఏడాదికి వచ్చాక బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్ సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేయించండి. రెండు నెలలు, స్టైపెండ్ ఉంటుంది. వేసవి కోసం చలికాలంలోనే దరఖాస్తు పెట్టాలి. టీచర్ సిఫారసు లేఖ కావాలి, ఇప్పటి గైడ్‌తో మంచిగా ఉంటే అప్పటికి పనికొస్తుంది. నోట్‌బుక్ మామూలుగా ల్యాబ్‌లోనే ఉంచేసుకుంటారు కాబట్టి, వచ్చే ముందు గైడ్‌ని అడిగి తన పేజీలు జెరాక్స్ తీయించుకోమనండి.