రెటీనా ఫెలోషిప్ ఎక్కడ చేయాలి? ఆయిల్ తీసే కేసు ఎవరి చేతిలో ఉందో చూడు

ప్రశ్న: సార్, కంటి వైద్యంలో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. రెండు చోట్ల రెటీనా (కంటి వెనక పొర) ఫెలోషిప్, అంటే పీజీ తర్వాతి ప్రత్యేక శిక్షణ, వచ్చేలా ఉంది. ఒక చోట అన్నీ కొత్త మెషీన్లు, 25, 27 గేజ్‌ (కంట్లోకి పెట్టే పరికరాల సైజు) లోనే చేస్తారు, కానీ ఫెలోలు ఎక్కువగా చూస్తూ ఉండటమే. రెండో చోట ఎక్కువ 23 గేజ్. అక్కడ, ఊడిన రెటీనా అతికి ఉండటానికి కంట్లో నింపిన సిలికాన్ ఆయిల్ తీసే కేసులు మొదట్నుంచీ ఫెలోలకే ఇస్తారట. "ఆయిల్ తీయడం చిన్న పని, దానికోసం పాత గేజ్‌లో ఇరుక్కుంటావా" అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండో చోటికే వెళ్ళమ్మా. నేను కూడా రెటీనా సర్జరీ చేసేవాణ్ణే కాబట్టి ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఆ "చిన్న పని" సంగతి చూద్దాం. రెటీనా అతికించి ఆయిల్ నింపిన మనిషి దాదాపు మూడు నుంచి ఆరు నెలలు ఆ మసక చూపుతోనే నెట్టుకొస్తాడు. ఇంకా ఉంచితే శుక్లం, కంటి ప్రెషర్, ఆయిల్ చిన్న చిన్న చుక్కలుగా విడిపోవడం లాంటివి మొదలవుతాయి, తీస్తే రెటీనా మళ్ళీ ఊడుతుందేమోనన్న టెన్షన్. చాలామందికి అది మిగిలిన ఒక్క కన్ను. అలాంటి సర్జరీని చిన్నదనడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇక గేజ్ విషయం. నంబరు పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుందని నీకు తెలిసిందే, 23 అంటే సుమారు 0.6 మిల్లీమీటర్లు, 25 అంటే 0.5, 27 అంటే 0.4. కండ్లపొర కోయక్కర్లేదు, చాలాసార్లు కుట్లూ అక్కర్లేదు, మర్నాడు కట్టు విప్పితే కన్ను పెద్దగా ఎర్రబడి కూడా ఉండదు. ఇవన్నీ నిజమైన లాభాలే. కానీ ఆయిల్ నీళ్ళలా పారదు. మామూలుగా వాడే 1000 సెంటీస్టోక్స్ ఆయిల్ నీటికంటే వెయ్యి రెట్లు జిగట, 5000 ది దానికి ఐదు రెట్లు. గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుందని ఇంటర్‌లో చదివాం కదా, ఆ లెక్కన 0.6 నుంచి 0.4 కి వస్తే అదే పొడవుకు, అదే ఒత్తిడికి ఆయిల్ దాదాపు ఐదో వంతు వేగంతోనే వస్తుంది. అందుకే చాలామంది పొడవాటి సూది లోపలికి పెట్టకుండా, కాన్యులా (కంటి గోడ రంధ్రంలో పెట్టే చిన్న గొట్టం) పైకొసకే చిన్న ట్యూబు ముక్క తొడిగి సక్షన్ పెడతారు. పొడవు తగ్గితే అడ్డు తగ్గుతుంది.

అసలు పాఠం ఆఖర్లో ఉంది. ఆయిల్ నీటికంటే తేలిక, పైకి తేలుతుంది, కాబట్టి కన్నును కాస్త వంచి బుడగ కాన్యులా దగ్గరికి వచ్చేలా చూసుకుంటావు. బుడగ చిన్నదవుతూ, చిన్నదవుతూ వచ్చి, చివరి తునక లోపలికి జారిన క్షణంలో అంత సక్షన్‌కీ ఒక్కసారిగా నీళ్ళు దొరుకుతాయి. సక్షన్ నడిపే పెడల్ మీద కాలు అంతకు ఒక్క క్షణం ముందే లేవాలి. ఫెలోగా ఉన్నప్పుడు నేను లేపలేదు. కన్ను గాలి పోయిన బంతిలా ముడుచుకుంది, పక్కనున్న సీనియర్ వెంటనే సక్షన్ ఆపించి, ఇన్‌ఫ్యూజన్ (కంట్లోకి వెళ్ళే ద్రవం) పెంచి కాపాడారు. ఆ తర్వాత రెండుమూడుసార్లు గాలి నింపి, నీటి మట్టం దిగుతున్నకొద్దీ పైన తేలే చుక్కల్ని ఓపిగ్గా లాగాలి, అంచుల దాకా రెటీనా చూసుకోవాలి, రంధ్రం కారుతుంటే "కుట్టు లేని సర్జరీ" అన్న పట్టుదల వదిలేసి ఒక కుట్టు వేసేయాలి. ఇదంతా వెనక కూర్చుని స్క్రీన్ మీద చూస్తే రాదు.

పాత గేజ్ అన్న భయం కూడా వద్దు. 1970ల మొదట్లో ఈ తరహా సర్జరీని డాక్టర్ మాకెమర్ మొదలుపెట్టింది 17 గేజ్‌తో. 25 గేజ్ 2002లో, 23 గేజ్ 2005లో, 27 గేజ్ 2010లో వచ్చాయి. చూశావా, 25 వచ్చాక 23 వచ్చింది, కాబట్టి నంబరును బట్టి కొత్తా పాతా అనుకోకు. నువ్వు రిటైరయ్యేలోపు ఇంకెన్నో మారతాయి. 23 లో చెయ్యి కుదిరినవాళ్ళు 25 కి మారడం నేను చాలాసార్లు చూశాను, పెద్ద కష్టపడరు.

అయితే ఒక షరతు. ఆయిల్ తీశాక ఆ పేషెంట్‌ని ఎవరు చూస్తారో అడుగు. రెటీనా మళ్ళీ ఊడితే ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లో, నెలల్లో ఊడుతుంది. నీ కేసు ఇంకెవరి ఓపీకో వెళ్ళిపోతే నువ్వు తీసింది సరిగ్గా తీశావో లేదో నీకు ఎప్పటికీ తెలియదు. కష్టమైన కేసుల్లో, అంటే ముందే నాలుగైదు సర్జరీలు అయిన కళ్ళలో, సీనియర్ నీ పక్కన కూర్చుంటారా అనేది కూడా అడుగు. కేసులు చేతికిచ్చి గదిలోంచి వెళ్ళిపోయే చోటైతే నా సలహా వెనక్కి తీసుకుంటాను.

సంతకం పెట్టేముందు రెండు చోట్లా ఒక్కో రోజు థియేటర్‌లో ఉండటానికి అనుమతి అడుగు, ఆయిల్ తీసే లిస్టు ఉన్న రోజే వెళ్ళు. ఆ చివరి బుడగ వచ్చేటప్పుడు పెడల్ మీద ఎవరి కాలు ఉందో, ఆ కుర్చీ పక్కన ఎవరున్నారో చూసి నాకు రాయి.