సీడీ138 పాజిటివ్ అంటే జబ్బు ముదిరినట్టా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఏడాదిగా నడుము నొప్పి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలతోనే నెట్టుకొస్తున్నారు. ఈమధ్య బాగా నీరసపడితే పరీక్షలు చేయించాం. హిమోగ్లోబిన్ 8.6, క్రియాటినిన్ 1.8. ఎముక మూలుగ బయాప్సీలో ‘ప్లాస్మా కణాలు 34 శాతం, సీడీ138 పాజిటివ్, కప్పా పాజిటివ్, లాంబ్డా నెగెటివ్’ అని వచ్చింది. సీడీ138 పాజిటివ్ అంటే క్యాన్సర్ ముదిరిందనా? ఇంకో ల్యాబ్‌లో మళ్లీ చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరు అడగలేదు గానీ, ముందు ఆ నొప్పి మాత్రలు ఆపించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఏవైనా సరే. మీ రిపోర్టులో నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది కిడ్నీల పనితీరు చెప్పే ఆ క్రియాటినిన్. అది ఎక్కువగా ఉంది.

సీడీ138 జబ్బు దశను చెప్పదు. అది ప్లాస్మా కణాల (మూలుగలో ఉండి యాంటీబాడీలు తయారుచేసే కణాలు) పైపొర మీద ఉండే ఒక ప్రొటీన్. ఆరోగ్యంగా ఉన్నవారి ప్లాస్మా కణాల మీదా ఉంటుంది. బయాప్సీ ముక్కలో దానికి రంగు పట్టిస్తే ఆ కణాలు స్పష్టంగా కనబడతాయి, ఎన్ని ఉన్నాయో అంచనా వేయడం తేలికవుతుంది. కొన్ని ఇతర క్యాన్సర్ కణాల మీద కూడా ఇది ఉంటుంది కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని జబ్బు పేరు చెప్పం.

మీ రిపోర్టులో అసలు చూడాల్సింది దాని పక్కనున్న మాట. ప్లాస్మా కణాలు తయారుచేసే లైట్ చెయిన్ ప్రొటీన్లలో కప్పా, లాంబ్డా అని రెండు రకాలు. మామూలుగా ఈ రెండు రకాల కణాలూ కలగలిసి ఉంటాయి. ఒక్క కప్పా రకమే ఉందంటే, ఆ కణాలన్నీ ఒకే కణం నుంచి పుట్టుకొచ్చాయని అర్థం. అలాంటివి 10 శాతం దాటి, వాటి వల్లే రక్తం తగ్గడమో, కిడ్నీలు, ఎముకలు దెబ్బతినడమో, కాల్షియం పెరగడమో జరిగితే మల్టిపుల్ మైలోమా అంటాం. అది ప్లాస్మా కణాల క్యాన్సర్. మీ నాన్నగారి విషయంలో ఆ అనుమానం బలంగానే ఉంది. అయితే స్లైడ్లు నేను చూడలేదు. నిర్ధారించాల్సింది ఆయన్ని స్వయంగా పరీక్షించే హెమటాలజిస్టే (రక్త జబ్బుల నిపుణుడు).

ఈ జబ్బులో రక్తంలోకి వచ్చే లైట్ చెయిన్ ప్రొటీన్లు కిడ్నీ గొట్టాల్లో గడ్డకట్టి అడ్డుపడతాయి. నొప్పి మాత్రలేమో కిడ్నీకి రక్త ప్రవాహాన్ని తగ్గిస్తాయి. రెండూ కలిస్తే డయాలసిస్ దాకా పోవచ్చు. అరవై దాటిన మనిషికి తగ్గని నడుము నొప్పి ఉంటే, ఏడాదిపాటు షాపువాళ్ల మాట మీద మాత్రలు మింగించడం ఏమిటమ్మా? పసరు మందులు, భస్మాలు కూడా వద్దు. ఆ నొప్పి మాత్రల బదులు పారాసిటమాల్ ఎంత వాడొచ్చో డాక్టర్‌ని అడగండి. స్కానింగ్‌కి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తామంటే క్రియాటినిన్ సంగతి ముందే చెప్పండి.

మూలుగ పరీక్ష మళ్లీ చేయించనక్కర్లేదు. రెండో అభిప్రాయం కావాలంటే అవే స్లైడ్లు, పారఫిన్ బ్లాక్ (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్క) అడిగి తీసుకెళ్లండి. సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్స్, కాల్షియం, ఎముకలకు పెట్ సీటీ, కణాల్లో జన్యు మార్పులు చూసే ఫిష్ టెస్ట్ అవసరపడొచ్చు. ఈ వారంలోనే హెమటాలజిస్టును కలవండి. ఈలోపు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి ఎక్కినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడాలి. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.