వియ్యపురాలు పెళ్లి చూడదట!

ప్రశ్న: మాది రాజమండ్రి. అమ్మాయి బెంగాలీ అబ్బాయిని చేసుకుంటోంది. మాకు అభ్యంతరమేమీ లేదు. కానీ కొడుకు పెళ్లి తల్లి చూడకూడదని వియ్యపురాలు రానంటోంది. పైగా పసుపుతో పాటు చేపను పంపుతారట! పెళ్లిరోజు మా ఇంట్లో నీచు ముట్టం. మా ఆయనేమో రెండు పద్ధతుల్లో రెండుసార్లు చేసేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ తల్లి

జవాబు: రెండుసార్లు వద్దమ్మా. మా అక్క కూతురికి పొద్దున మన పద్ధతి, రాత్రి వాళ్ల పద్ధతి అన్నారు. అర్ధరాత్రికి పిల్ల పీటల మీదే కునికిపాట్లు పడింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరి ఆచారంతో చేసినా చెల్లుతుంది. సప్తపది ఒక్కసారి చాలు.

కలిపేస్తే ముచ్చటగా ఉంటుంది. పెళ్లికూతుర్ని మనకి మేనమామలు బుట్టలో తెస్తారు, వాళ్లకి అన్నదమ్ములు పీట మీద మోసుకొస్తారు. ఇద్దరినీ కలిసి పట్టమనండి. అడ్డుతెర వెనక అమ్మాయి వాళ్ల పద్ధతిలో ముఖానికి తమలపాకులు అడ్డం పెట్టుకుంటుంది. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టించి, తెర దించి, అప్పుడు ఆకులు తీయించండి. వాళ్ల శుభదృష్టి, అంటే వధూవరుల తొలిచూపు, అదే. మన సన్నాయి, వాళ్ల ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ చేసే ఉలూధ్వని ఒక్కసారే మోగుతాయి. సిందూరం చివర్లో.

వియ్యపురాలిది అలక కాదు, పాత పట్టింపు. వీడియో కాల్‌లో చూపిస్తామనకండి, చూడకూడదన్నదే కదా ఆచారం! మీ బంధువులకు మాత్రం ముందే చెప్పండి, లేకపోతే 'తల్లికి ఇష్టం లేదట' అని భోజనాల దగ్గరే మొదలెడతారు. అన్నట్టు, వాళ్లలో పెళ్లికూతురి తల్లి కూడా చూడదు. కన్యాదానంలో అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు పోయాల్సింది మీరే కాబట్టి, అది వదులుకోనని వాళ్ల పురోహితుడికి ఇప్పుడే చెప్పేయండి. వియ్యపురాలి సంబరమంతా బౌభాత్ నాడు, కొత్త కోడలు అన్నం, నెయ్యి వడ్డించే రోజు. సారె ఆ రోజుకి పట్టుకెళ్లండి, పూతరేకులు మరవకండి.

ఇక చేప. శీలావతి చేపకి బొట్టు పెట్టి, చీర చుట్టి పంపుతారు, చూడముచ్చటగా ఉంటుంది లెండి. పులస తినే ఊరివాళ్లు మరీ అంత బెదిరిపోతే ఎలా? వాళ్ల ఇలిశ్, మన పులస ఒకటే! పెళ్లికూతుర్ని చేసే రోజునే పంపమనండి. అదీ కుదరకపోతే చేప ఆకారంలో సందేశ్ మిఠాయి చేయించి పళ్లెంలో పెడతారు.

ముహూర్తం సంగతి మాత్రం జాగ్రత్త. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వాళ్లకు చైత్రం, పెళ్లిళ్లు చేయరు. మన పంచాంగం ఒక్కటే చూసి హాలుకి అడ్వాన్సు ఇచ్చేయకండి.