టామ్‌బాయ్ అంటే జుట్టు కత్తిరించుకుని మగవాళ్ల చొక్కాలు వేసుకోవడమేనా?

టామ్‌బాయ్ (మగపిల్లల తీరు బట్టలు, ఆటపాటలు ఇష్టపడే అమ్మాయి) అనిపించుకోవాలంటే జుట్టు పొట్టిగా కత్తిరించి, అన్నయ్య చొక్కా తొడుక్కుంటే చాలా, స్వభావం కూడా మార్చుకోవాలా అన్నది మీ సందేహం. రెండూ అక్కర్లేదు. ఒళ్లు ఎటు కావాలంటే అటు కదలాలి, బట్టలు దానికి అడ్డు రాకూడదు. మూలం అంతే. నడుం దాకా జడ ఉన్నా టామ్‌బాయ్ టామ్‌బాయే. (తమాషా ఏంటంటే, 16వ శతాబ్దపు ఇంగ్లీషులో ఈ మాటకు మొదటి అర్థం అల్లరి మగపిల్లాడు. శతాబ్దం ముగిసేలోపే అమ్మాయిల మీదికి మళ్లింది.)

బట్టల్లో ఎక్కువమంది చేసే పొరపాటు రెండు సైజులు పెద్దవి కొనడం. అవి అరువు తెచ్చుకున్నట్టే కనిపిస్తాయి. 1966లో ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సెయింట్ లారెంట్ ఆడవాళ్ల కోసం టక్సిడో సూటు (మగవాళ్లు సాయంత్రం విందులకు వేసుకునే సూటు) చేసినప్పుడు కూడా మగవాళ్లది యథాతథంగా ఇవ్వలేదు, ఆడవాళ్ల ఒంటికి తగ్గట్టు కత్తిరించాడు.

చొక్కాకి ముందు భుజం చూడండి. కుట్టు భుజం ఎముక చివర ఆగాలి, ఒకటి రెండు సెంటీమీటర్లు జారినా ఫర్వాలేదు. పక్కలు బిగించడం దర్జీకి చిన్న పని. భుజం తగ్గించాలంటే మాత్రం చెయ్యి విప్పి మళ్లీ కుట్టాలి. మగవాళ్ల చొక్కా తిన్నగా దిగుతుంది కాబట్టి తుంటి దగ్గర పట్టేస్తుంది. ఆఖరి గుండీ వదిలేయండి, లేదా పక్కల్లో 2 అంగుళాల చీలిక పెట్టించండి. ఛాతీ దగ్గర గుండీల మధ్య సందు తెరుచుకుంటుంటే లోపలివైపు ఒక టిచ్ బటన్ కుట్టిస్తే సరి.

అసలు తంటా ప్యాంటుతో. మగవాళ్ల జీన్స్‌లో నడుముకీ తుంటికీ తేడా తక్కువ. నడుము కొలత చూసి కొంటే తుంటి దాటి పైకి రాదు. తుంటికి సరిపోయేది తీసుకుని, వెనక మధ్య కుట్టులో నడుము తగ్గించుకోవాలి. అదీ ఒకటిన్నర అంగుళం దాకానే. అంతకు మించితే వెనక జేబులు రెండూ ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరికొస్తాయి. కొనేముందు ట్రయల్ రూమ్‌లో గొంతుక్కూర్చుని లేవండి, చేతులు రెండూ పైకెత్తండి. ఎక్కడ పట్టేసినా వద్దు. ముందు జేబులో అరచెయ్యి మొత్తం దూరే సుఖం మాత్రం ఒకసారి అలవాటైతే వదలదు!

మగవాళ్ల బూట్లు కొంటే అమెరికన్ సైజులో ఆడవాళ్ల నంబరు నుంచి ఒకటిన్నర తీసేయండి: 8 అయితే ఆరున్నర. వెడల్పు ఎక్కువ కాబట్టి సన్నపాదాలకు మడమ జారుతుంది, మందం సాక్సు వేసుకోండి.

ఇక స్వభావం. గొంతు పెంచడం, బూతులు మాట్లాడటం టామ్‌బాయ్‌తనం కాదు, ఉత్త మొరటుతనం. ‘నేను మిగతా అమ్మాయిల్లా కాదు’ అనే మాట ఇంకా చిరాకు. లిప్‌స్టిక్ వేసుకున్న స్నేహితురాలిని చులకన చేస్తే మీకు పెరిగేదేమీ లేదు. ఈ బట్టల్ని బట్టి మీరు ఎవరిని ఇష్టపడతారో ఊహించేవాళ్లూ ఉంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ‘ఇవి నాకు హాయిగా ఉంటాయి’ అని చెప్పి మాట మార్చేయండి.